తెల్లబోవుడు

దేవరకొండ బస్టాండు వెనక
జిరాక్స్ షాపు మీద రేకుల గది.
పదకొండు మంది, ఆరు బల్లలు, తిరగని ఫ్యాను.
పరీక్షల ఇంగ్లిషుకు నలభై మార్కులు.
రోజుకు ఇరవై మాటలు మింగించే పని నాది.

ఆ పూట పదహారో మాట: అప్పాల్.
బోర్డు మీద రాస్తే వెనక బల్ల నవ్వింది,
"బెల్లంవా సార్, కారంవా?"
నేనూ నవ్విన. సాయంత్రం ఆరు, అందరికీ ఆకలి.

నవ్వు ఆగినంక పుట్టుక చెప్పిన.
పాత ఫ్రెంచి మాట, వాళ్లకు లాటిన్ ఇచ్చింది.
పాలిర్ అనేటోళ్లంట, మనం పాలిపోయె అంటం.
చుట్టరికం ఏం లేదు,
ఒకే రంగు అంగీ తొడుక్కొని
తొవ్వల ఎదురుపడ్డ ఇద్దరు మనుషులు, అంతే.
మొదట్ల మనుషులకే కాదు,
నిలవుండి పస పోయిన మద్యానికి కూడ
ఇదే మాట వాడిండ్రంటే
గౌండ్ల పరమేశు చెయ్యి లేపిండు:
"రెండోనాటి కల్లు పారబోసేటప్పుడు
మా నాయిన మొఖం అట్లనే ఉంటది సార్."
ఏ డిక్షనరీల లేదు ఆ ఉదాహరణ.
బోర్డు మూలకు రాసిపెట్టిన.

ఇగ ఊపొచ్చి, దాని చుట్టాలను పిలిచిన.
ఆస్టానిష్, స్టన్: ఈ రెండింటి కడుపుల ఉరుముంది.
హారిఫై అంటే ఒంటిమీది వెంట్రుకలు లేచి నిలబడుడు.
పెట్రిఫై, రాయి చేసుడు.
మనకు తక్కువనా?
మ్రాన్పడితే మనిషి చెట్టయితడు,
కొయ్యబారితే ఆ చెట్టును ఎవరో నరికినట్టే.
బీరిపోవుడు, నోరెళ్లబెట్టుడు,
చావు కబురు ఫోన్ల విన్నప్పుడల్లా మా అమ్మ అనే
పానం సల్లగయ్యింది.
అన్నిట్ల దగ్గరిది మాత్రం తెల్లబోవుడు.
వాళ్లూ మనం, సముద్రాలకు అటొకరు ఇటొకరు ఉండి
ఒకే తెలుపును చూసినం, అని
గొప్పగ చెప్పి చాక్‌పీసు కింద పెట్టిన.

మర్రిగూడ బస్సుకు వచ్చిపోయే జానమ్మ లేచింది.
మాట్లాడేటప్పుడు పండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటది.
"సార్, మన జిల్లా పేర్లనే నలుపుంది.
నా లెక్క ఉన్నోళ్లు ఎట్ల తెల్లబోతరు?
పోయినా ఎవరికి కనపడుతది?"

అప్పుడు నాకేమైందో
దాని పేరు
నా చేతిరాతలనే బోర్డు మీదుంది.

సొంత వాక్యం రాసుకరమ్మన్న.
తెల్లారి పది నోటుబుక్కులల్ల
దయ్యాలు, లారీ యాక్సిడెంట్లు, ఒక కరెంటు బిల్లు.
పదకొండోది జానమ్మది.
ఇంగ్లిషుల ఒక్క వాక్యం: ఎక్స్‌రే మమ్మల్ని అప్పాల్ చేసింది.
కింద జాగ ఉందని తెలుగుల సాగింది:

"డాక్టరు దాన్ని కిటికీకి ఆనించి పట్టుకున్నడు.
మా నాయిన వెన్నుబొక్కలు
ఉండాల్సినదానికన్న తెల్లగున్నయి,
కొత్తగ సున్నమేసిన గోడ లెక్క.
ముప్పయి ఏండ్ల బోరునీళ్లు, అన్నడు.
మా నాయిన మొఖం ఎప్పటి నలుపే.
మెడ తిరగదు గనక
ఒళ్లంత తిప్పి నా దిక్కు చూసిండు.
మేం లోపల తెల్లబోతం సార్."

ఎర్రపెన్ను మూత తీసి
చానాసేపు పట్టుకున్న.
అప్పాల్‌ల ఎల్ ఒక్కటే రాసింది.
అమెరికాల రెండు, లండన్‌ల ఒకటి, రెండూ ఒప్పే.
దిద్దెందుకు ఏం దొరకలే.

కింద జిరాక్స్ మిషన్ నడుస్తున్నట్టుంది,
మెట్ల సందుల నుంచి వెలుగు
ఒక గీత లెక్క ఇటు నుంచి అటు పోయింది,
ఎవరి ఆధార్ కార్డో, ఎవరి రిపోర్టో.
పిల్లలు పుస్తకాలు తెరిచి చూస్తున్నరు.
నిన్న ఆగిన పదిహేడో మాట
ఇయ్యాల కూడ నా నోట్లకు రాలే.